వకీలు, పైరవీకారు, మా విద్యార్థిని

మన కళాశాలలో బి.కాం. చదివి, లండనులో పై చదువు ముగించుకొని, అక్కడనే ఒక పెద్ద న్యాయవాద సంస్థలో ఉద్యోగం చేస్తున్న మా విద్యార్థిని ఒకరు నిరుడు సెలవులకు నిజామాబాదు వచ్చినారు. బంధువులకు ఒక సందేహం కలిగినది. అమ్మాయి వకీలా? కాదు. వకీలు గుమాస్తానా? అదీ కాదు. మరి వకీళ్ళ కచేరీలో ఆమెకేమి పని? వకీళ్ళకు పని వచ్చేటట్లు చూడడమే ఆమె పని అని తండ్రి చెప్పగా, పెద్దలలో ఒకరు "అయితే పైరవీ చేస్తున్నదా, భాయీ?" అన్నారట. ఆ మాట ఆ తండ్రి మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. ఆ చదువుకు ప్రోత్సహించిన వారిలో మేమూ ఒకరము గనుక, సమాధానం చెప్పవలసిన బాధ్యత మా మీదనూ పడినది.

పైరవీ అనే మాట ఉర్దూలో గౌరవప్రదమైనదే. ముకద్దమా పైరవీ చేయడమంటే వ్యాజ్యాన్ని వెంటబడి నడిపించడం. తెలుగులోనికి వచ్చునప్పటికి దానికి చాటుమాటు వ్యవహారమనే అర్థం అంటుకొన్నది. వకీలు అనే మాటకు ఈ దుర్గతి పట్టలేదు. మన పనిని ఎవరికి అప్పగిస్తామో ఆ నమ్మకస్తుడు వకీలు. 

మా తండ్రిగారు కోర్టులో ఒక వకీలుగారి వద్ద ముప్పది యేండ్లు మున్షీగా పనిచేసినారు. కనుక పైరవీకార్లను మేము చిన్ననాటినుండి ఎరుగుదుము. బస్సు దిగిన పల్లెటూరి మనిషి చంకలో గుడ్డసంచి, అందులో కాగితాల కట్ట కనబడితే చాలు, ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టేవారు. "మా వకీలు సాబు చేతిలో పడితే గెలిచినట్లే" అనేవారు. ఆ మనిషి ఇచ్చిన ఫీజులో వారి వాటా ఎంతో ఆ మనిషికి తెలియదు. ఇది మన ఊరికే పరిమితమైన జాడ్యం కాదు. బొంబాయి మేజిస్ట్రేటు కోర్టుల వాకిట వకీళ్ళే స్వయంగా కక్షిదారుల మీద ఎగబడిన ఉదంతం సుప్రీంకోర్టు దాకా పోయినది. 1975లో తీర్పు వ్రాసిన జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్, న్యాయవాద వృత్తి వర్తకం కాదని గట్టిగా మందలించినారు.

మన దేశంలో బార్ కౌన్సిల్ నియమాలలో 36వది ఈ విషయంలో కఠినమైనది. న్యాయవాది ప్రకటనలు ఇవ్వరాదు, కరపత్రాలు పంచరాదు, దళారులను పెట్టుకొనరాదు. నామఫలకం కూడ మితమైన పరిమాణంలోనే ఉండవలెను. తాను ఫలానా విషయంలో నిపుణుడనని దానిమీద వ్రాసుకొనరాదు. 2008లో మాత్రం పేరు, చిరునామా, అర్హతలు, చూచే కేసుల రకము వంటి కొన్ని వివరములు వెబ్‌సైటులో పెట్టుకొనుటకు అనుమతి లభించినది.

పాశ్చాత్య దేశాలలోనూ ఒకప్పుడు ఇదే పద్ధతి. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ నగరంలో బేట్స్, ఓస్టీన్ అనే ఇద్దరు యువ న్యాయవాదులు సామాన్య కుటుంబీకుల కొరకు తక్కువ ఫీజుతో ఒక కార్యాలయం తెరచినారు. పేరు మార్పునకు ఇంత, తగాదా లేని విడాకులకు ఇంత అని 1976లో పత్రికలో ప్రకటించినారు. రాష్ట్ర న్యాయవాద సంఘం వారిమీద చర్యకు పూనుకొన్నది. 1977లో అక్కడి సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా, సత్యమైన ప్రకటనను పూర్తిగా నిషేధించుట చెల్లదని తీర్పు చెప్పినది. ఇంగ్లండులో సొలిసిటర్లకు 1984లో ప్రకటనల అనుమతి కలిగినది. మా విద్యార్థిని ఉద్యోగానికి మూలం అక్కడున్నది.

ఆమె పని ఏమిటో అడిగి తెలుసుకొన్నాము. దానిని ఆంగ్లంలో 'బిజినెస్ డెవలప్‌మెంట్' అంటారు, పొట్టిగా 'బీడీ'. "మా దాదీ చుట్టిన బీడీ వేరు, నేను చేసే బీడీ వేరు, సార్!" అని ఆమె నవ్వినారు. ఆ నవ్వులో నిజముంది. రోజుకు వేయి బీడీలు చుట్టిన చేతులే ఆ ఇంటి పిల్లలను బడికి పంపినవి.

పెద్ద బ్యాంకులు, కంపెనీలు కొన్ని యేండ్లకొకమారు తమ పనులు చూచే న్యాయవాద సంస్థల జాబితాను మరల నిర్ణయిస్తాయి. ఏ పనికి ఎవరు కూర్చుంటారు, గంటకెంత, ఇట్టి పని మునుపు చేసినారా అని ప్రశ్నలు పంపుతాయి. వకీళ్ళకు కేసులు తప్ప వేరు ధ్యాస ఉండదు. వారి వెంటబడి వివరములు రాబట్టి, గడువులోపల జవాబు సిద్ధం చేయవలెను. పాత కక్షిదారుని పేరు ఉదహరించవలెనంటే ముందు వారి అనుమతి తీసుకొనవలెను. ఎదుటి పక్షం ఇదివరకే తమ కక్షిదారు అయితే, ఎంత లాభమున్నా ఆ పనిని వదలుకొనవలసి రావచ్చును. చేంబర్స్, లీగల్ 500 వంటి జాబితాలకు ఏటేటా నివేదికలు పంపవలెను. వారు కక్షిదారులనే నేరుగా విచారించి శ్రేణులు కడతారు. ఇంత చేసినా, గంటల లెక్కన ఫీజు తెచ్చే వకీళ్ళు ఒక తరగతి, తక్కినవారందరూ ఒక తరగతి అనే భేదం అక్కడనూ తప్పలేదట. మున్షీ కుమారులమైన మాకు అది వింతగా తోచలేదు.

ఇందులో పైరవీ ఎక్కడున్నది? పైరవీకారు చెప్పేది చెవిలో. ఈమె చెప్పేది కాగితంమీద. వినేవాడు బస్సు దిగిన అమాయకుడు కాడు, అక్షరమక్షరం పరీక్షించే సొంత వకీళ్ళున్న బ్యాంకు. ఈ మాటనే ఆ తండ్రితో చెప్పినాము. ఆయన ముఖం కొంత తేటపడినది.

అయితే మాకు తృప్తి కలుగని విషయం మరొకటున్నది. ఫీనిక్స్ వకీళ్ళు పోరాడినది బ్యాంకుల కొరకు కాదు, వకీలు గుమ్మం తొక్కడానికి భయపడే సామాన్యుల కొరకు. ఆ తలుపు తెరచుకొన్న తరువాత ఇంతటి తెలివి, ఇంతటి శ్రమ, ముందే అన్నీ తెలిసినవారికి తెలియజెప్పుటకే వ్యయమగుచున్నది. ఇక ఇక్కడ, 1987లో చేసి 1995లో అమలుకు తెచ్చిన న్యాయసేవాధికార చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండ వకీలును ఉచితంగా ఇవ్వవలెను. జిల్లా కోర్టులోనే ఆ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చాలును. అధికారులు శిబిరములు పెడుతున్నారు, కాదనము. కాని భర్త విడిచిపెట్టిన బీడీ కార్మికురాలికి కార్యాలయం కంటె ముందు పైరవీకారే ఎదురగుచున్నాడు.

ఈ మాట మేమనగా, ఆమె వాదించలేదు. "ఒక కాగితం వ్రాద్దాం, సార్" అన్నారు. సెలవులు ముగియకముందే నలుగురు ఉర్దూ విద్యార్థులను, నలుగురు తెలుగు విద్యార్థులను కూర్చోబెట్టి, ఒకే పుటలో రెండు భాషలలో ప్రకటన సిద్ధం చేయించినారు. ఎక్కువ కాలం పట్టినది ఒక్క మాట దగ్గర. తెలుగువారు 'ఉచితం' అన్నారు, ఉర్దూవారు 'ముఫ్త్' అన్నారు. అక్కడ తేనీరు అందిస్తున్న మా కళాశాల ఆయమ్మ, "ముఫ్త్ అంటే ఎవరు నమ్ముతరు, సార్? ముఫ్త్ వకీలు పని చేస్తడా?" అన్నది. మా విద్యార్థిని ఆ మాటను కొట్టివేసి, "మీ వకీలు ఫీజును ప్రభుత్వమే కడుతుంది" అని వ్రాసినారు.