వత్తల్‌మలై మీద సంకటి, టౌనులో మంచూరియా

ధర్మపురిలో కాపురముంటూ వత్తల్‌మలై చూడనివారు మనలో చాలామంది ఉన్నారు. హొగెనకల్ అంటే అందరికీ తెలుసు. చుట్టాలు వస్తే మొదట అక్కడికే తీసుకుపోతాం. ఒంటికి నూనె రాయించి, జలపాతం కింద నిలబెట్టి, వేడి చేపలు తినిపించి బస్సెక్కిస్తాం. వత్తల్‌మలై ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ. అయినా ఎవ్వరికీ జ్ఞాపకం రాదు.

కారణం లేకపోలేదు. కొద్దికాలం క్రిందటి వరకూ కొండమీదికి సరైన రోడ్డే లేదు. అక్కడివారు సంతకు రావాలన్నా, ఆసుపత్రికి రావాలన్నా నడిచి దిగవలసిందే. ఇప్పుడు ఇరవై నాలుగు కొండమలుపుల రోడ్డు పడింది. ప్రభుత్వ బస్సు పైకి వెళ్ళడం మొదలై ఎంతో కాలం కాలేదు. మేము గత జనవరిలో ఒక ఆదివారం నాడు రెండు కుటుంబాలుగా జీపు మాట్లాడుకుని వెళ్ళాం. మా ఆవిడ, పిల్లలిద్దరు, మా అక్కయ్య, బావగారు, వారి పిల్లలిద్దరు, మా అమ్మ; మాతో కలిపి తొమ్మిది మంది. మా అమ్మను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలుస్తాం గనుక ఇక్కడా అలాగే వ్రాస్తున్నాం.

పైన మూడు వేల అడుగులకు మించిన ఎత్తు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లనే అల్లుకుని మిరియం తీగె, మిగిలిన చోట్ల సామలు, రాగులు. గ్రామాలలో ఉన్నది మలయాళి అనే తెగవారు. పేరు విని కేరళవారనుకునేరు. మలై అంటే కొండ గదా, కొండవారు అని దాని అర్థం. కాంచీపురం వైపు నుంచి వచ్చి కొండలెక్కిన రైతుల సంతతి తామని వారు చెప్పుకుంటారు. జీపులో మా బావగారు ఈ సంగతి చెబుతుంటే అక్కయ్య, “మనల్ని మాత్రం అడగడం లేదూ, మీది ఆంధ్రాలో ఏ ఊరని?” అన్నది. మా తాతల తాతలు పుట్టింది ఈ జిల్లాలోనే. అది 1965లో సేలం నుంచి విడివడి జిల్లా కాకముందు మాట. అయినా ఆ ప్రశ్న ఇప్పటికీ తప్పలేదు.

మధ్యాహ్నం భోజనం జీపు డ్రైవరుకు తెలిసినవారి ఇంట్లో. తలకు ఎంత ఇవ్వాలో ఇంటావిడ ముందుగానే మొహమాటం లేకుండా చెప్పింది. అది మాకెంతో నచ్చింది. రాగి సంకటి, అనపగింజల పులుసు, సామల అన్నం, మజ్జిగ. సంకటిని అక్కడ కళి అంటారు. మాట మారిందేగాని ముద్ద మనదే. అవ్వకు ప్రాణం లేచి వచ్చింది. రెండో ముద్ద వద్దంటుండగానే ఇంటావిడ ఆకులో వేసేసింది. “వద్దన్నా వెయ్యడమే వడ్డన” అని అవ్వ నవ్వింది. ఇంటావిడా, ఆమె కోడలూ మేమందరం లేచేదాకా నిలబడే ఉన్నారు. మేము కాఫీ తోటలో తిరిగి రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే కోడలు వంటింటి గడపలో కూర్చుని అప్పుడు తింటున్నది. మా ఆవిడ అది చూసింది. ఏమీ అనలేదు.

దిగేసరికి చీకటి పడింది. పిల్లలు పొద్దున్నుంచీ పట్టుబట్టింది రాత్రి భోజనం గురించే. టౌనులో బస్టాండుకు దగ్గరలో, మేడమీద, ఏ.సీ. వేసిన చైనీస్ రెస్టారెంటు ఒకటి ఉంది. గోడమీద ఎర్ర దీపాలు, డ్రాగను బొమ్మ. మెనూ కార్డు అంతా ఇంగ్లీషు. షెజ్వాన్, హక్కా, మంచూరియా, మధ్యలో పనీరు బటర్ మసాలా, చివరి పేజీలో దోసె, పెరుగన్నం కూడా. చీనా దేశస్థుడెవరైనా ఆ కార్డు చదివితే తన దేశపు వంటలుగా గుర్తుపట్టడం కష్టమే.

మంచూరియా అనేది మంచూరియాలో పుట్టలేదు. కలకత్తాలో పుట్టిన చీనా సంతతివాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దాన్ని మొదట వండాడని చెబుతారు. కొత్తగా ఏదైనా చెయ్యమని అడిగితే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలాకు బదులు సోయా సాసు, మొక్కజొన్న పిండి వేశాడట. కోడికి వచ్చిన పేరు కాలిఫ్లవరుకు వచ్చి, ఇప్పుడు ప్రతి వీధిబండి మీదా గోబీ మంచూరియా. బండి దగ్గర ఎర్రగా మెరుస్తుంటే మాత్రం జాగ్రత్త సుమా. రోడమిన్-బి అనే బట్టల రంగు బయటపడి, 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం దానిలో కృత్రిమ రంగులు వెయ్యరాదని నిషేధించింది.

మనదేశంలో చీనావారి కథ అంతకంటే పాతది. 18వ శతాబ్దం చివరలోనే టాంగ్ అచ్యూ అనే వ్యాపారి కలకత్తా దగ్గర చెరకు తోట, చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరు అతని పేరనే అచ్చీపూర్ అయింది. తరువాత వచ్చిన హక్కావారు టాంగ్రాలో తోళ్ళ పని చేశారు, వంటశాలలూ పెట్టారు. 1962లో యుద్ధం వచ్చినప్పుడు ఇక్కడే పుట్టి పెరిగినవారిని సైతం, సుమారు మూడు వేలమందిని, రాజస్థానులోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చినవారిలో చాలామంది దేశం విడిచిపోయారు. మనం నూడిల్సు తింటూ ఈ సంగతి తలుచుకోం.

మా బల్లకు వచ్చిన సర్వరు ఇరవై యేళ్ళ కుర్రవాడు. సన్నని కళ్ళు, పచ్చని ఛాయ. మా అక్కయ్య చిన్నవాడు తెలుగులో, “చైనావాడేనా?” అని గట్టిగానే అన్నాడు. కుర్రవాడికి ఆ మాట తెలిసినట్టే ఉంది, ముఖం అటు తిప్పుకున్నాడు. అవ్వ మనుమడి తొడమీద ఒక్కటి వేసి, ఆ కుర్రవాడిని తమిళంలో, “నీది ఏ ఊరు నాయనా?” అని అడిగింది. అతను వచ్చీరాని తమిళంలో అస్సాం అన్నాడు, మూడేళ్ళైంది అన్నాడు. ముందు తిరుప్పూరులో బనియను మిల్లు, తరువాత ఇక్కడ. ఇంట్లో అస్సామీ కాదు, ఇంకొక భాషట. అంటే మనలాగే, ఇంట్లో ఒకటి వీధిలో ఒకటి.

అవ్వ శాకాహారి. ఫ్రైడ్ రైసు కోడి వేయించిన బాణలిలోనే చేస్తారా అని అడిగింది. ఇటువంటి ప్రశ్నకు చాలాచోట్ల సర్వరు తల అడ్డంగా ఊపేసి పోతాడు. ఇతను లోపలికి వెళ్ళి వచ్చి, “బాణలి కడుగుతారు పాటీ, గరిటె మాత్రం అదే” అని నిజం చెప్పేశాడు. పాటీ అంటే అవ్వ. దోసె, పెరుగన్నం వేరే వంటింట్లో చేస్తారని చెప్పి, పెరుగన్నం తెప్పించాడు. ఆమె తిని ఆకు వెతుక్కుంటున్నట్టు చేతులు చూసుకుంటుంటే, అడగకుండానే చిన్న గిన్నెలో ఇంకాస్త పెరుగు, నిమ్మకాయ ఊరగాయ తెచ్చి పెట్టాడు. తరువాత బిల్లులో వెతికితే అది లేదు.

మిగిలినవారి సంగతి వేరు. ఇటువంటి చోట మారు వడ్డన ఉండదు. ప్లేటు ప్లేటుకూ లెక్క. సూపు వన్ బై టూ అని చెబితే రెండు గిన్నెల్లో సగం సగం తెచ్చారు, అది మన ప్రాంతపు హోటళ్ళ సుగుణం. నూడిల్సు మూడు ప్లేట్లు చెప్పాం, ఎనిమిది మందికి. ఆ లెక్కలో ఎవరికి తగ్గుతుందో మాకు తెలుసు. పిల్లలు, బావగారు, మేము అయ్యాక గిన్నెలో మిగిలింది అక్కయ్యా మా ఆవిడా పంచుకోవడం ఇంటి అలవాటు. హోటలుకు వచ్చినా ఆ అలవాటు వెంటే వస్తుంది. కుర్రవాడు మాత్రం గిన్నె తీసుకుని వరసగా కుర్చీ కుర్చీకీ వచ్చి సమానంగా వడ్డించాడు. మా ఆవిడ పళ్ళెంలో వేస్తుంటే, “ముందు పిల్లలకు” అన్నది. అతనికి తెలుగు రాదు. వేసేశాడు.

ఇంటికి వచ్చాక మేము చైనీస్ తిండిని కొంచెం వేళాకోళం చేశాం. ఆ డబ్బుకు ఇంట్లో పదిమందికి పులిహోర అయ్యేది అన్నాం. అప్పుడు మా ఆవిడ అన్న మాట యథాతథంగా వ్రాస్తున్నాం: “పులిహోర చేసేదెవరు? నేను వేడిగా, అందరితోపాటు కూర్చుని తిన్నది ఈ సంవత్సరంలో ఇదే.” పెళ్ళై ఇరవై రెండేళ్ళు. మేము ఆమె వేడిగా తినడం ఎన్నిసార్లు చూశామని లెక్క వేస్తే రెండు చేతుల వేళ్ళు కూడా నిండలేదు. కొండమీద గడపలో కూర్చున్న కోడలిని చూసి ఆమె ఎందుకు ఊరుకుందో అప్పుడు తెలిసింది.

మన పెద్దలు హోటలు తిండిని తక్కువగా చూడటం మనకు తెలుసు. అన్నం అమ్మరాదనే మాట మన ఇళ్ళలో ఉండేది. తగడూరు అని పూర్వం పేరున్న ఈ ధర్మపురిని ఏలిన అదియమాన్, ఆయుస్సు పెంచే ఉసిరికాయను తాను తినక ఔవైయార్‌కు ఇచ్చాడని తమిళులు గొప్పగా చెప్పుకుంటారు. న్యాయమే. కాని ఇంటింటా ప్రతి పూటా ఆ ఉసిరికాయను ఇచ్చేస్తూ వస్తున్నవారి కథ ఎవరూ వ్రాయలేదు. ఔవై అన్నా అవ్వ అన్నా ఒకే మాట అని మా అవ్వ మురిసిపోతూ ఉంటుంది గాని, ఆమెకు కూడా ఉసిరికాయ ఎవరూ ఇచ్చినట్టు లేదు.

బిల్లు గురించి రెండు మాటలు వ్రాయకపోతే ఆఫీసు గుమాస్తా వ్రాసినట్టుండదు. మామూలు రెస్టారెంటులో జి.ఎస్.టి. నూటికి ఐదు, అది ఇవ్వవలసిందే. సర్వీసు చార్జి అని దానిమీద పది శాతం వేస్తే అది పన్ను కాదు. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దాన్ని బిల్లులో తనంతట వెయ్యకూడదని చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మాటను సమర్థించింది. బెంగుళూరులో మా బావగారికి ఒకచోట ఇలాగే వేశారు. అడిగితే మేనేజరు ముఖం మాడ్చుకుని తీసివేశాడు. అవసరమైతే 1915 అనే నంబరుకు ఫోను చెయ్యవచ్చు. ధర్మపురి బిల్లులో అటువంటిది లేదు. మేము ఆ కుర్రవాడి చేతికే నూరు రూపాయలు ఇచ్చాం, పళ్ళెంలో పెడితే గల్లాపెట్టెకు పోతుందేమోనని.

మేము లేచేసరికి పదిన్నర. చెప్పులు మరిచిపోయిన మా చిన్నవాడికోసం మళ్ళీ మేడెక్కితే, చివరి బల్ల దగ్గర నలుగురు సర్వర్లు కూర్చుని ఉన్నారు. దీపాలు సగం ఆర్పేశారు. స్టీలు పళ్ళాల్లో అన్నం, సాంబారు, ఒక అప్పడం. మా కుర్రవాడు మమ్మల్ని చూసి లేవబోయాడు. వద్దని చేత్తో సైగ చేసి, చెప్పులు తీసుకుని దిగి వచ్చాం.