ఏం వరస?

బోస్టన్ దక్షిణపు కొసన హైడ్‌పార్క్‌లో ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల బడి భవనం ఒకటుంది. 2015లో మూతబడింది. ఇప్పుడు ఆ తరగతి గదులు 74 ఫ్లాట్లయ్యాయి, పేరు ‘ది ప్రైడ్’. 62 ఏళ్లు దాటి, ఆదాయం ఒక పరిమితికి లోబడినవాళ్ల కోసం. గే, లెస్బియన్, ట్రాన్స్ వృద్ధులు దాపరికం లేకుండా బతకాలని కట్టారు గానీ, వాళ్లకే ఇస్తామంటే చట్టం ఒప్పదు. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మిల్లుల సీమలో పుట్టినవాణ్ణి, నా చూపు ముందు లెక్కల మీదికే పోయింది. పాత కట్టడాన్ని నిలబెడితే ఒక పన్ను రాయితీ, చవక ఇళ్లు కడితే మరొకటి. ఆ రాయితీలు చూపి కంపెనీల దగ్గర పెట్టుబడి తెస్తారు. అప్పు ఎంత తగ్గితే అద్దె అంత తగ్గుతుంది.

2022 జులైలో, పని నడుస్తుండగానే ఎవరో గోడల మీద బెదిరింపులు రాశారు. ఊరివాళ్లు వచ్చి అండగా నిలబడ్డారు. 2024లో ఇళ్లు తెరుచుకున్నాయి.

మాది కోయంబత్తూరు దగ్గర మేట్టుపాళయం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధిలో ఇద్దరు మిల్లు కార్మికులు ఒకే ఇంట్లో కలిసి ముసలివాళ్లయ్యారు. పిల్లలందరికీ పెద్దమావ, చిన్నమావ. ఎవరూ ఏమీ అడగలేదు. మావాళ్ల మర్యాద అంతవరకే. పెద్దమావ పోయి కర్మ కూడా కాకముందే అన్నకొడుకులు ఇంటికోసం వచ్చారు. “నీకూ ఆయనకూ ఏం వరస?” అన్నారు. చిన్నమావ చెల్లెలింటి వసారాలో మిగతా కాలం వెళ్లదీశాడు.

2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదంది. 2023లో పెళ్లి హక్కు మాత్రం లేదంది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబానికి పెళ్లి ఒక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబమూ కుటుంబమేనని చెప్పింది. మంచి మాటే. కానీ తీర్పు చూపిస్తే గది దొరకదు.

కోయంబత్తూరు చుట్టూ రిటైర్మెంట్ విల్లాలకు కొదవలేదు. అవి మాలాంటి ప్రవాసుల అమ్మానాన్నల కోసం. నేను చూసిన ఫారంలో భార్య లేదా భర్త పేరు, పిల్లల ఫోన్ నంబరు అడిగారు. ఆ గడుల్లో చిన్నమావ ఏం రాస్తాడు? జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మంది పేద వృద్ధులకు ఆశ్రమం పెట్టవచ్చని 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టంలో ఉంది. ‘పెట్టవచ్చు’ అనే ఉంది, తప్పనిసరి అని లేదు.

1910లో జి. కుప్పుస్వామి నాయుడు పెట్టిన లక్ష్మీ మిల్లులో కొంత భాగం ఇప్పుడు దుకాణాలు, హోటళ్లు. పాత మిల్లులో కాఫీ అమ్మగా లేనిది, నాలుగు మంచాలు వేయలేమా అని ఫోనులో మా బావనడిగాను.

“మిల్లు స్థలం సెంటు ఎంతో తెలుసా?” అన్నాడు.

నిజమే. పాత గోడ నిలబెట్టినవాడికి అమెరికాలో దొరికేలాంటి రాయితీ మన దగ్గర లేదు. కూల్చి అమ్మితేనే గిట్టుబాటు.

“మిల్లు వద్దులే బావా. మనూళ్లో ఉర్లగడ్డ మండీల దగ్గర ఓ పాత గోదాము చూడు.”

సరేననలేదు, కాదనలేదు. గోదాము ఎవరి పేరున ఉందో కనుక్కుంటానన్నాడు.