యెజ్డీ, నేను, ఫారం 1-ఎ

రక్తపోటు గురించీ మధుమేహం గురించీ రాస్తూ వచ్చిన ఈ వృద్ధ వైద్యుడు ఈసారి మోటారు సైకిలు సంగతి ఎత్తుకున్నాడేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. చివరిదాకా చదవండి, ఇదీ ఆరోగ్య విషయమే.

ప్రభుత్వ సర్వీసులో చేరిన తొలి సంవత్సరాలలో, 1980 ప్రాంతంలో, నేను ఒక పాత యెజ్డీ కొన్నాను. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుండి జావా బండ్లను తయారు చేస్తూ, 1973లో వాటికి యెజ్డీ అని పేరు మార్చింది. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు. అన్నిటికంటె విచిత్రం దాని కిక్ రాడ్. దానినే లోపలికి నొక్కి పైకి తిప్పి కిక్ కొట్టాలి. ఇంజను లేచాక ముందుకు వాల్చితే అదే గేరు రాడ్ అవుతుంది. తెలియనివాడు దొంగిలించినా స్టార్టు చేయలేడని మిత్రులు పరిహాసమాడేవారు.

సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెలకు ఆ బండి మీదనే తిరిగాను. మానేరు ఇసుకలో వెనుక చక్రం కూరుకుపోతే నెట్టడానికి ఎవరో ఒకరు వచ్చేవారు. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ఆయిలు ఎక్కువైతే ప్లగ్గుకు మసి పట్టి బండి దారిలోనే ఆగిపోతుంది; తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. అందుచేత నా మందుల సంచీలో స్టెతస్కోపు పక్కనే ఒక ప్లగ్ పానా, గరుకు కాగితం ముక్క, చుట్టచుట్టిన క్లచ్ కేబులు ఉండేవి. ఆదివారాలు సైలెన్సర్ గొట్టాలు విప్పి లోపలి కార్బను గోకడంలో గడిచేవి. వేడి సైలెన్సర్ తగిలి పిక్క కాలిన మచ్చ నా కాలి మీద ఇప్పటికీ ఉంది. (అలా కాలినప్పుడు ఇరవై నిమిషాలపాటు ధారగా చల్లని నీరు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి.)

ఇక చెప్పవలసిన సంగతి. ఆ రోజులలోనే ఒక సాయంకాలం ఇరవై ఏళ్ల యువకుడొకడు నా దగ్గరికి వచ్చాడు. సాంచాల మీద పనిచేసే కుర్రవాడు. మిత్రుని బండి మీద నుండి పడి, చెవి పైభాగాన చిన్న గాయమైంది. తానే నడిచి వచ్చాడు. నేను కుట్లు వేస్తూ ఉంటే బయట నిలిపిన నా యెజ్డీ గురించి అడిగాడు, "సార్, కిక్కు కొట్టి చూపిస్తరా?" అన్నాడు. రాత్రి డ్యూటీ ఉంది, పోతానని పట్టుబట్టాడు. నేను పంపించివేశాను.

అర్ధరాత్రి దాటాక ఎడ్లబండి మీద తీసుకువచ్చారు. మాట లేదు. ఒక కంటిపాప పెద్దదై ఉంది. జీపు దొరికి బయలుదేరేసరికి ఆలస్యమైంది. పట్నం చేరకముందే ప్రాణం పోయింది.

కణత దగ్గర ఎముక పలుచన. దాని లోపల ఒక ధమని ఉంటుంది. అది చిట్లితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంది. చేరేలోగా మనిషి కొన్ని గంటలు మామూలుగా నడుస్తాడు, మాట్లాడుతాడు. దీనినే ల్యూసిడ్ ఇంటర్వెల్ అంటారు. నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఆనాడు మాకు సీటీ స్కాన్ లేదన్నది నిజమే గాని, ఆ రాత్రి అతనిని ఆసుపత్రిలో ఉంచుకోవడానికి స్కాన్ అక్కరలేదు, ఒక మంచం చాలు.

కనుక తలకు దెబ్బ తగిలినవాడు "నాకేం కాలేదు" అన్నా మీరు నమ్మకండి. కనీసం ఇరవై నాలుగు గంటలు ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరిగినా, మళ్లీ మళ్లీ వాంతి అయినా, లేపితే లేవనంత మగత కమ్మినా, కాలో చెయ్యో చచ్చుబడినా, మూర్ఛ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

హెల్మెట్ గురించి చెప్పే అర్హత నాకు ఆలస్యంగా వచ్చింది. ఆ రోజులలో నేనూ పెట్టుకోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనుక కూర్చున్నవారికి కూడా దానిని తప్పనిసరి చేసింది. అనేక పరిశోధనలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ తలగాయాల ముప్పును సుమారు 69 శాతం, మరణ ముప్పును 42 శాతం తగ్గిస్తుంది. పట్టీ బిగించకపోతే అది తలకంటె ముందే ఎగిరిపోతుంది.

నలభై దాటినవారికి లైసెన్సు రెన్యువల్ కోసం వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రమే ఫారం 1-ఎ. సర్వీసులో ఎన్నింటి మీద సంతకం చేశానో లెక్కలేదు. కొన్ని, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మనిషి ముఖం చూసి చేసినవే. గత నెల నా వంతు వచ్చింది. శిష్యుడొకరు "మీకు పరీక్షేమిటి సార్" అని కలం తీశాడు. వద్దన్నాను. ఇంటికి వచ్చి ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా కుడి పాదం బొటనవేలి మీద పెట్టుకున్నాను. ప్రకంపన తెలియలేదు. ఇరవై ఏళ్ల మధుమేహం. వెనుక బ్రేకు తొక్కవలసింది ఆ పాదమే.

బండి అమ్మలేదు. రేకుల షెడ్డులో ఉంది. ఆదివారాలు మనుమడు వస్తాడు; నేను స్టూలు మీద కూర్చుని ప్లగ్గు తీయడం నేర్పుతున్నాను. మొన్న ఆరో కిక్కుకు ఇంజను లేచింది. వీధి నిండా నీలిపొగ. ఎదురింటి ఆవిడ దడాలున కిటికీ మూసుకున్నారు.