మట్టి పదును

తెలుగులో ‘పదును’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి కత్తికుండే వాడి. రెండోది వాన వెలిశాక నాగలికి లొంగే నేలలోని తడి. యాభై దాటాక మట్టిపలకలు చెక్కడం నేర్చుకోబోతే, ఈ రెండూ ఒకే మాటలో ఎందుకు ఇమిడాయో తెలిసివచ్చింది.

మా హోసూరులో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. ఈ పదునునే తమిళులు ‘పదం’ అంటారు, కన్నడిగులు ‘హద’ అంటారు. మాట ముగ్గురిదీ ఒక్కటే. కానీ మా మనవరాలికి తెలుగు మాట ఉంది, అక్షరం లేదు. ఆమె బడిలో తెలుగు చెప్పరు. వెనకటికి బియ్యంలో వేలు పట్టి దిద్దించేవారు. ఆ దిద్దే అక్షరాలు చెరిగిపోకుండా వరండా గోడకే ఉంటే బాగుంటుందనిపించింది. వేలు పట్టేంత గాడితో, పలకకొక అక్షరం చొప్పున చెక్కాలన్నది నా ఆలోచన.

నాకు పని నేర్పిన పెద్దాయన కుమ్మరి ఇంట పుట్టి, సారె మీద కుండలు చేసి, తర్వాత పింగాణీ పనిలో కొన్నేళ్ళు గడిపినవాడు. ఇప్పుడు ఇంటి వెనక కరెంటు కొలిమి ఉంది. దాన్నీ ఆయన ‘ఆవం’ అనే అంటాడు. ఇంటి భాష తెలుగే గాని చదవడం రాదు. నాకు చదవడం వచ్చు, మట్టి తెలియదు. అలా కుదిరింది మా జోడీ.

మొదటి పాఠం నా లెక్కల చదువుకు దగ్గరది. మట్టి ఎండేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుదించుకుపోతుంది. మేము వాడే మట్టి మొత్తం మీద నూటికి పన్నెండు పాళ్ళు తగ్గుతుంది. 15 సెంటీమీటర్ల పలక చేతికి రావాలంటే 17 సెంటీమీటర్లు కోయాలి. ముందు మట్టిని పిసికి గాలి బుడగలు పోగొట్టాలి. సమానమైన మందం గల రెండు కర్రబద్దల నడుమ పరిచి, అప్పడాల కర్రతో ఒత్తాలి. పన్నెండు మిల్లీమీటర్ల మందం చాలు. చెక్కడం అందులో మూడో వంతు లోతు దాటకూడదు.

ఇక పదును. పచ్చిగా ఉన్నప్పుడు చెక్కితే మట్టి కత్తికి అంటుకుని గాడి అంచులు లేస్తాయి. బాగా ఎండాక చెక్కితే పెచ్చులూడుతుంది. ఈ రెంటికీ నడుమ, వేలు నొక్కితే గుంట పడక, గోరు గీస్తే గీత పడే స్థితి ఒకటుంది. అప్పుడు కత్తి జున్నుముక్కలో దిగినట్టు దిగుతుంది. “కత్తికి పదునుంటే చాలదు సార్, మన్నుకీ పదునుండాల” అంటాడు పెద్దాయన. ఎండాకాలంలో ఆ స్థితి ఒకపూట కూడా నిలవదు. తడిగుడ్డ కప్పి కాపాడుకోవాలి.

మన అక్షరాలు గుండ్రనివి. గుండ్రంగా చెక్కడానికి కత్తిని తిప్పితే గాడి అంచు తెగుతుంది. “కత్తి నిలబడాల, పలక తిరగాల” అని, సారె మీద కూర్చున్నవాడి అలవాటుతో పలకను ఎడమచేత్తో తిప్పి చూపించాడు. అన్నిటికన్నా కష్టం ‘ఠ’. సున్నా మధ్యలో చుక్క మిగిలే చోట మట్టి ఊడిపోవాలని చూస్తుంది.

చెక్కిన పలకకు మూలలు ముందు ఆరి పైకి లేస్తాయి. అందుకని రెండు చెక్కల మధ్య, పైన కొద్ది బరువు పెట్టి, రోజూ తిరగేస్తూ ఆరబెట్టాలి. బాగా ఆరాక 950 డిగ్రీల దాకా కాల్చి, గాజు పూత పూసి మళ్ళీ కాలుస్తాం. పూత కరిగి గాడిలోకి దిగుతుంది గనుక అక్షరం మిగతా పలకకన్నా ముదురు రంగులో తేలుతుంది. పూత మందమైతే గాడి పూడిపోతుంది, వేలికి అక్షరం తగలదు.

ఉద్యోగరీత్యా బీదరులో ఉన్న రోజుల్లో మహమూద్ గవాన్ మదరసా చాలాసార్లు చూశాను. 1472 నాటి కట్టడం. దాని ముఖం మీద నీలం, పచ్చ రంగుల పింగాణీ పలకలపై అక్షరాలున్నాయి. చాలా పలకలు రాలిపోయాయి గాని మిగిలినవాటి మెరుపు తగ్గలేదు. అవి తలెత్తి చూసే అక్షరాలు. మావి వేలితో తడిమే అక్షరాలు.

ఇన్ని నెలల్లో నాకు మట్టి కొంత అబ్బింది. పెద్దాయనకు అక్షరాలూ అబ్బాయి. నేను గీసిన నమూనా చూసి “ఇది మొన్నటి దానికి తోబుట్టువు మాదిరి ఉండాదే” అని ‘ప’నూ ‘ష’నూ పక్కపక్కన పెట్టాడొకరోజు. డెబ్బై ఏళ్ళ వయసులో ఇప్పుడు నేర్చుకోవడమేమిటని ఆయన కోడలు నవ్వింది.

ఆయన మాట్లాడకుండా మూలనున్న బాన చూపించాడు. చెక్కగా రాలిన మట్టి అందులో నానుతోంది. ఈ పనిలో నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి అదే. సగం ఆరిన మట్టిముద్ద నీళ్ళలో వేస్తే ఎంతకీ కరగదు. పూర్తిగా ఎండినది మాత్రం నీళ్ళు తగలగానే బుడబుడమని విరిగి మెత్తబడుతుంది. “కాలనంత వరకూ ఏ మన్నూ చెడింది కాదమ్మా” అన్నాడు కోడలితో.

పలకలు ‘ఱ’ దాకా పూర్తయ్యాయి. మనవరాలు ప్రస్తుతం ‘ఋ’ దగ్గర ఉంది. ఆ పక్కనే పెద్దాయన కూడా, కళ్ళజోడు సర్దుకుని, వేలితో దిద్దుతున్నాడు.