సగం పేరు

పేరు దగ్గర మన ఆడవాళ్ళకు పట్టింపు ఎక్కువ. కాదనకండి. పెళ్ళి శుభలేఖ కవరు మీద మా అన్నయ్య పేరొక్కటే రాసి, "దంపతులకు" అనే మాట మరిచిపోయారని మా పెద్దవదిన ఆ పెళ్ళికి రానని భీష్మించుకు కూర్చుంది. నేనేం తక్కువ తిన్నానా? బ్యాంకులో మా అమ్మాయి వయసు పిల్లాడు "ఏమ్మా, నువ్వు సంతకం పెట్టలేదు" అన్నాడని ఇంటికొచ్చి ఆ పూట అన్నం మానేశాను.

ఇంత పౌరుషమున్న నేను సద్దుల బతుకమ్మకు మా పుట్టిల్లు పెగడపల్లి వెళ్ళాను. అమ్మా, నేనూ, మా అమ్మాయీ వాకిట్లో తంగేడుపూలు ముందేసుకుని కూర్చున్నాం. దారిన పోతూ లచ్చి కనిపించింది. నా చిన్నతనంలో మా ఇంట్లో పేడ తీసి, వాకిలి ఊడ్చి, అంట్లు తోమిన మనిషి. ఇప్పుడు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. సంబరం పట్టలేక, "ఏమే లచ్చీ! మంచిగున్నవా?" అని కేకేశాను.

ఆమెను చెయ్యి పట్టుకు నడిపిస్తున్న కూతురు ఆగింది. టీచరు ఉద్యోగం చేస్తోందట. నవ్వుతూనే, "మా అవ్వ పేరు లచ్చవ్వ, అక్కా!" అని చెప్పి ముందుకు సాగిపోయింది.

నా చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. ఎదురింటి లక్ష్మమ్మగారిని నేను ఎన్నడైనా "లచ్చి" అన్నానా? లచ్చవ్వది మా అమ్మ వయసు. తొమ్మిదేళ్ళ నేను ఆమెను "ఏమే" అనేదాన్ని. ఆమె నన్ను "చిన్న దొరసానీ" అనేది. మా బాపమ్మ నేర్పిన పిలుపే అది. దాహమంటే ఆమె దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళం. ఆమె సత్తుగిన్నె గొడ్ల కొట్టం చూరులో విడిగా ఉండేది. ఆ గిన్నె తప్పని పెద్దయ్యాక తెలిసింది. ఆ సగం పేరు కూడా అలాంటి గిన్నేనని మాత్రం ఇన్నేళ్ళూ తట్టలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. హైదరాబాదులో లా చదువుతోంది కదా, ఓ కేసు సంగతి చెప్పింది.

1963. అమెరికాలోని అలబామా రాష్ట్రం. మేరీ హామిల్టన్ అనే నల్లజాతి యువతిని కోర్టులో ప్రశ్నిస్తున్నారు. ఆవిడ అంతకు ముందు పంతులమ్మ. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బస్సులో కలిసి కూర్చుని దక్షిణాది రాష్ట్రాలకు వెళ్ళిన 1961 నాటి యాత్రల్లో జైలు చూసి వచ్చారు. 'కోర్' అనే సమాన హక్కుల సంస్థలో పనిచేస్తున్నారు. అక్కడ తెల్లవాళ్ళను మిస్టర్ అనో, మిసెస్ అనో, మిస్ అనో గౌరవంగా పిలిచేవారు. నల్లవాళ్ళనైతే ఎంత పెద్దవాళ్ళనైనా ఒట్టి పేరు పెట్టి పిలవడమే రివాజు. ప్రాసిక్యూటరు "మేరీ" అని మొదలుపెట్టాడు. తనను సరిగ్గా పిలిస్తేనే జవాబు చెబుతానన్నారావిడ. జడ్జి చెప్పమన్నాడు. అయినా పెదవి విప్పలేదు. కోర్టు ధిక్కారమన్నారు. 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా! మిస్ హామిల్టన్ జైలుకు వెళ్ళారు గాని తగ్గలేదు. ఆ శిక్ష చెల్లదని 1964లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.

"ఒక్క 'మిస్' కోసం జైలుకు వెళ్ళిందా?" అన్నాను.

"నువ్వు ఒక్క 'నువ్వు' కోసం అన్నం మానెయ్యలేదామ్మా?" అంది.

ఇంకేం మాట్లాడను?

అమెరికా దాకా ఎందుకు? హైదరాబాదులో చాదర్‌ఘాట్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆది హిందూ భవన్ ముందునుంచే పోయేదాన్ని. అది భాగ్యరెడ్డి వర్మగారి కృషికి గుర్తని తెలుసు. ఆయన పేరు వెనకున్న పోరాటం గురించి మాత్రం ఎప్పుడూ నిలబడి ఆలోచించలేదు. అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన కుటుంబంలో 1888లో మాదరి భాగయ్యగా పుట్టారాయన. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో జనాన్ని దగ్గరికి చేర్చారు. బాల్యవివాహాలకూ, తాగుడుకూ, ఆడపిల్లను దేవుడి పేరుతో ఊరికి వదిలేసే ఆచారానికీ ఎదురు నిలిచారు. వాడల్లో బడులు తెరిచారు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగితే అధ్యక్షులు వర్మగారే. ఆ కుర్చీలో కూర్చుని ఆయన కాదన్నది సభ పేరునే! ఈ నేలకు మొదటివాళ్ళమైన మమ్మల్ని అయిదోవాళ్ళని ఎలా అంటారన్నది ఆయన వాదం. 'పంచమ' పోయి 'ఆది ఆంధ్ర' వచ్చింది. నిజాం రాజ్యపు 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందువులు' అన్న పేరు ఎక్కేదాకా ఆయన ఊరుకోలేదు. 1939లో కన్నుమూశారు.

తిండి, బట్ట, బడి, బావి - అన్నీ కావలసి ఉండగా పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? ఆ పూట వరకూ నేనూ అలాగే అనేదాన్నేమో. కాని "ఏమే" అని పిలిచిన మనిషికి కుర్చీ వెయ్యాలని ఎవరికి తోస్తుంది చెప్పండి? పిలుపు కిందికి దిగాక నీళ్ళు పైనుంచి పొయ్యడం ఎంతసేపు?

తెల్లవారి మలీద, సత్తుపిండి డబ్బాలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉంది.

"లచ్చవ్వా!" అన్నాను. నాలుక కాస్త తడబడింది.

ఆమె వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. ఇంకెవరినో పిలిచానేమోనని.

"ఎవ్వలమ్మా?"

"నిన్నే, లచ్చవ్వా."

కాసేపు నా మొహంలోకి చూసింది. "కూసో బిడ్డా," అని పక్కన చోటు చేత్తో తుడిచింది. కూర్చున్నాను. కూతురు లోపలినుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. థాంక్స్ చెప్పబోయి ఆగిపోయాను. వాళ్ళమ్మ కొంగు పట్టుకుని మా వాకిట్లో తిరిగిన పిల్ల. పేరేమిటో ఏనాడూ అడగనేలేదు.

అప్పుడు అడిగాను.