లాంఛనం నుండి లోగో వరకు

'లోగో' అను మాట మన కార్యాలయాలలో విరివిగా వినిపించుట ఇటీవలిదే గాని, ఆ వస్తువు మాత్రం కొత్తది కాదు. తెలుగులో దానికి లాంఛనమనే చక్కని పేరున్నది. శాతవాహనుల నాణేలపై నాలుగు వృత్తాలను కలిపే గుర్తు, కాకతీయుల వరాహ లాంఛనం చరిత్ర పుస్తకాలలో చాలామంది చూచినవే. రాజులకే కాదు, రజకులకూ ఆ విద్య తెలుసు. మా చిన్ననాట తోర్వాలో బట్టలు ఉతికే రజకుడు నల్లజీడి రసంతో ఇంటికొక గుర్తు వేసేవాడు. మా ఇంటిది రెండు చుక్కలు, ఒక అడ్డగీత. వీధిలోని తువ్వాళ్లన్నీ ఒకే మూటలో వెళ్లినా మా తువ్వాలు మా ఇంటికే తిరిగి వచ్చేది. లోగో చేయవలసిన పని ఇంతకంటె వేరేమీ లేదని మా అభిప్రాయం.

ఇంగ్లండులో 1876 జనవరి 1న మొట్టమొదట నమోదైన వ్యాపార చిహ్నం బాస్ బీరు కంపెనీ వారి ఎర్ర త్రికోణం. మన దేశంలో ట్రేడ్ మార్కుల చట్టం 1940లో వచ్చినది. చట్టాల సంగతి అంతటితో చాలును.

ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై బిలాస్‌పూర్ చేరినవి. మాదీ అట్టిదే. ఆ రైల్వే 1944లో ప్రభుత్వపరమైనది. 1955లో దక్షిణ తూర్పు రైల్వే ఏర్పడినది. 2003లో బిలాస్‌పూరే ముఖ్యకేంద్రంగా దక్షిణ తూర్పు మధ్య రైల్వే అవతరించినది. పేరు మారినప్పుడల్లా పెట్టెలపై అక్షరాలు మారినవి గాని, అక్షరం రాని వారికి ఆ మార్పు తెలియనే లేదు. 2002లో రైల్వేల నూట యాభై ఏండ్ల పండుగకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వారు రూపొందించిన 'భోలూ'ను, పచ్చదీపం చేతబట్టిన ఆ గార్డు ఏనుగును, పసిపిల్లలు సైతం గుర్తుపట్టినారు.

మా అమ్మగారికి చదువు రాదు. అయినను బిలాస్‌పూర్ బజారులో ఆమె దారి తప్పినది లేదు. చేతుల నడుమ దీపముంటే జీవిత బీమా. తలక్రిందులైన ఎర్ర త్రికోణముంటే కుటుంబ నియంత్రణ. నీలి బిళ్లలో కన్నముంటే స్టేట్ బ్యాంకు.

ఈ చివరిదానిని గూర్చి ఇంజనీరుగా ఒక మాట చెప్పవలెను. అంతకుముందున్న మర్రిచెట్టు స్థానంలో 1971లో వచ్చిన ఈ గుర్తును గీసినవారు శేఖర్ కామత్. యంత్రాలపై గుర్తులు వేయించుటకు స్టెన్సిల్ రేకులు కోయించిన వారికే దాని గొప్ప తెలియును. చుట్టూ మూసుకొన్న గీతను కోసినచో లోపలి ముక్క ఊడి పడిపోవును. దానిని నిలుపుటకు సన్నని కట్లు విడువవలెను, ఆ కట్ల వలన గుర్తు చెడును. స్టేట్ బ్యాంకు గుర్తులో నడిమి కన్నం నుండి క్రింది అంచు వరకు చీలిక ఉన్నది గనుక ఆ చీలికయే కట్టు! వృత్తలేఖిని, అడుగుబద్ద ఉన్న ఏ పిల్లవాడైనా దానిని గీయగలడు.

ఆంధ్రా బ్యాంకు గుర్తు అంత సులువైనది కాదు. అనంత సంకేతం, గొలుసు లంకె, తాళపు కన్నం అని అందులోని అర్థాలను బ్యాంకువారు వివరించేవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. స్వగ్రామం దగ్గరి శాఖలో అమ్మగారికి చిరకాలంగా ఖాతా ఉన్నది. 2021లో తీసుకువెళ్లగా గుమ్మం ముందే ఆగిపోయి, "ఇది మన బేంకు కాదు నాయనా, గుర్తేదీ?" అన్నారు. గుమ్మమూ, మెట్లూ పాతవే, లోపల పలుకరించిన గుమాస్తా కూడా పాతవారే. ఆమె మాత్రం బోర్డునే చూస్తూ నిలబడినారు. నిలువ పైసతో సహా సరిగా ఉన్నదని చదివి వినిపించినాము. తల ఊపినారు గాని పాత పాస్ పుస్తకాన్ని కొంగు క్రింది నుండి తీయలేదు.

ఇంటికి వచ్చిన తరువాత కొత్త పుస్తకం మా ముందు పెట్టి, అట్ట వెనుక పాత గుర్తు గీయమన్నారు. వృత్తలేఖిని లేదు, మనుమరాలి పెన్ను ఉన్నది. మూడు మార్లు గీసిన మీదట గాని ఆమె ఒప్పుకొనలేదు.