గొలుసుకు ఈ కొసన

నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఒక కుక్క వెనక. 1985 మే నెల. నాకు పన్నెండేండ్లు. విశాఖపట్నంల రామకృష్ణా బీచి మీద అది గుంజుతుంటే ఇసుకల కాళ్లు దిగబడుకుంట ఉరికిన. దాని పేరు సీజర్. అల్సేషన్ జాతి. దారిన పోయేటోళ్లు ఆగి, "ఎవరి కుక్క బాబూ?" అని అడిగేటోళ్లు. "మా సారోళ్లది" అని చెప్పేటోణ్ణి. అది ఏం తింటదని అడిగిండ్రు. కరుస్తదా అని అడిగిండ్రు. నా పేరు ఎవ్వలూ అడగలె.

మాది నల్లగొండ దిక్కు. కరువుకు ఊరిడిచి వచ్చి హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు పోయే నాలా ఒడ్డుకు గుడిసె వేసుకున్నం. నాయిన చిక్కడపల్లిల రిక్షా తొక్కేటోడు. సుదర్శన్, దేవి టాకీసులల్ల సెకండ్ షో విడిచినంక వచ్చే గిరాకీయే ఆయనకు అసలు గిరాకీ. అవ్వ అశోక్‌నగర్‌ల నాలుగిండ్లల్ల అంట్లు తోమేది. అండ్ల ఒకటి సారోళ్ల ఇల్లు. సారు పెద్ద ఆఫీసరు, పెద్ద కులం. పొద్దున, సాయంత్రం సీజర్‌ను తిప్పుకొస్తె నాకు నెలకు పదిహేను రూపాయలు. అశోక్‌నగర్ చౌరస్తా నుంచి ఇందిరా పార్కు దిక్కు పోయి, మర్లి చిక్కడపల్లి సందుల నుంచి వచ్చేటోళ్లం. బడిల నన్ను 'కుక్కోడు' అనేటోళ్లు. నాకు సిగ్గు అనిపించకపోయేది. ఆ కుక్క పక్కన నడిస్తే నాకు దారి ఇచ్చేటోళ్లు కద!

ఆ ఇంట్ల అవ్వకూ నాకూ కలిపి ఒక సత్తు గ్లాసు ఉండేది. పెరట్ల గోడ మీద బోర్లించి పెట్టేటోళ్లు. తాగి, కడిగి, మల్ల అక్కడనే బోర్లియ్యాలె. సీజర్‌ది స్టీలు తలె, వంటింట్ల గడప పక్కన. అమ్మగారు చెడ్డమనిషేం కాదు. పండుగకు పాత బట్టలిచ్చేది, జ్వరమొస్తె గోలీలిచ్చేది. బిస్కెట్ ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి తగలకుండ పైనుంచి జారవిడిచేది. నేను సగం కొరికి సగం సీజర్‌కు పెట్టేటోణ్ణి. అది నా చెయ్యి నాకి, మూతి నాకి, ఉరికి పోయి సారు మొహం నాకేది. సారు కండ్లు మూసుకొని మురిసిపోయేటోడు. నా ఎంగిలి ప్రతి పొద్దూ సారు చెంపకు చేరేది. ఈ సంగతి చెప్తే అవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. మల్ల భయపడ్డది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా, పని పోతది" అన్నది.

ఎండకాలం సెలవులకు సారోళ్లు విశాఖపట్నం పోదామనుకున్నరు. సీజర్‌ను ఇడిసిపెట్టి పోతె అది తిండి మానేస్తదట. రైల్ల కుక్కను తీస్కపోవాల్నంటె రెండే తొవ్వలు. గార్డు డబ్బాల ఉండే కుక్కల పెట్టెల వేసుడు, లేకపోతె ఫస్ట్ క్లాసుల గది గదే బుక్ చేసుకునుడు. పెట్టెల వేస్తె బెంగటిల్లుతదని సారు గదే బుక్ చేసిండు. గోదావరి ఎక్స్‌ప్రెస్. సాయంత్రం ఎక్కితె తెల్లారి వాల్తేరు స్టేషన్ల దిగుడు. అప్పుడు విశాఖ స్టేషన్ను అట్లనే అనేటోళ్లు. నాకు జనరల్ టిక్కెట్. "ఒరేయ్, పెద్ద స్టేషన్ వచ్చినప్పుడల్లా దిగొచ్చి సీజర్‌కి నీళ్లు పట్టు" అన్నది అమ్మగారు.

కాజీపేటల ఉరికిన. ఖమ్మంల ఉరికిన. విజయవాడల నడిరాత్రి, ప్లాట్‌ఫారం నిండ మనుషులు పండుకొని ఉండిరి. వాళ్లను దాటుకుంట ఉరికిపోయి నల్లా దగ్గర చెంబు నింపి సీజర్‌కు తాపిన. అది తోక ఊపుకుంట నా మెడ మీద కాళ్లేసింది. ఇంతల బండి కదిలింది. మల్ల జనరల్ డబ్బా దాక అందుకోలేక నడుమ ఏదో డబ్బా కడ్డీ పట్టుకొని యాల్లాడిన. జామకాయలమ్మే ఒక ముసలామె నా అంగీ పట్టి లోపలికి గుంజింది. "ఎవరి కోసమయ్యా ప్రాణం మీదికి తెచ్చుకుంటన్నావు?" అని అడిగింది. కుక్క కోసమని చెప్పలేకపోయిన. మా తమ్ముని కోసమని అబద్ధమాడిన.

అబద్ధం అన్న గని, పూర్తిగ అబద్ధం కూడ కాదు. గెస్ట్ హౌజుల వాళ్లు లోపల పండుకుంటే నన్ను వరండల పండుమన్నరు. సీజర్ లోపల ఉండక గీకి గీకి తలుపు తీయించుకొని వచ్చి నా కడుపు పక్కన ముడుచుకొని పండింది. సముద్రం చప్పుడుకు దానికీ నిద్ర లేదు, నాకూ లేదు. తెల్లారి అలలను చూసి అది నా కాళ్ల సందున దూరింది. నాకూ భయమే. ఇద్దరం వెనక్కి ఉరికొచ్చినం. ఆ ఇంటి మొత్తంల నన్ను తాకిన ప్రాణి అదొక్కటే. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది. కుక్కను తిట్టి రాసుడు అల్కగ ఉండు.

బీచి మీద ఫోటో దిగిండ్రు. సారు, అమ్మగారు, ఇద్దరు పిల్లలు, ముందట సీజర్. గొలుసు ఇడిస్తె ఉరుకుతదని నన్ను పక్కకు నిలబడి పట్టుకొమ్మన్నరు. తర్వాత వాళ్ల ఇంట్ల ఆల్బం దుమ్ము తుడుస్తుంటే చూసిన. సీజర్ మెడ నుంచి గొలుసు ఫోటో అంచు దాక వచ్చింది. అంచు మీద రెండు వేళ్లున్నయి. అవి నావి.

ఆ జూలైల ఒకనాడు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట చెట్టుకు సీజర్‌ను కట్టి లోపల పేపర్ చూసిన. కారంచేడు. మాదిగలు తాగే చెరువు కాడ బర్రెలకు కుడితి పెట్టిన బకెట్ కడుగుతుంటే ఒక పిల్లగాడు వద్దన్నడు, మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకున్నది. తెల్లారి, జూలై 17న, ఊరు ఊరే మీద పడ్డది. ఆరుగురిని చంపిండ్రు. నాకు సగమే అర్థమయింది. బర్రె, నీళ్లు, బిందె అర్థమయినయి. మహద్‌ల పశువులు తాగే చెరువు నీళ్లు మనుషులు ముట్టొద్దన్న సంగతి, 1927 మార్చి 20న బాబాసాహెబ్ పోయి ఆ నీళ్లు తాగిన సంగతి మాకు 1991ల శతజయంతి సభలు జరిగినంకనే తెల్సింది.

ఆగస్టుల చిక్కడపల్లి సందుల నాలుగు వీధికుక్కలు సీజర్ మీద పడ్డయి. నేను నడుమ దూరిన. దాని చెవి చిరిగింది, నా పిక్క ఊడొచ్చింది. సారు ఆఫీసు నుంచి కారు తెప్పించి సీజర్‌ను నారాయణగూడ పశువుల దవాఖానకు తీస్కపోయిండు. నేను పోవాల్సిందీ నారాయణగూడకే, ఐపీఎంకు. అప్పుడు పట్నంల ఎవ్వలను కుక్క కరిచినా 'నారాయణగూడ పో' అనేటోళ్లు. ఒక్క తొవ్వే. కార్ల జాగ లేదని ఎవ్వలూ అనలె. అసలు ఆ ముచ్చటనే రాలె. అవ్వ నన్ను చంకన ఎత్తుకోలేక, నడిపించలేక, నడుమ నడుమ కూసోబెట్టుకుంట తీస్కపోయింది.

బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు. గొర్రె మెదడుతోని చేసే మందు అది. 2005 కల్లా దేశంల ఆ మందు ఆపేసిండ్రు, ఇప్పుడు జబ్బకు వేస్తున్నరు. పద్నాలుగు రోజులు సీజర్‌ను తిప్పలేదని అమ్మగారు సగం నెల జీతం పట్టుకున్నది. ఏడున్నర రూపాయలు. అవ్వ ఏమనలె. నేను బాగయినంక మల్ల గొలుసు పట్టిన. ఎందుకు పట్టినవని మీరు అడగొచ్చు. ఏడున్నర కోసం కాదు. నన్ను చూసి అది ఏడ్చినట్టు కూసింది.

డిగ్రీ చదివేటప్పుడు అదే లైబ్రరీల భారతం వచనం చదివిన. ఏకలవ్యుని కథ మనకందరికి తెలిసిందే. గని ఆదిపర్వంల ఒక ముక్క ఉన్నది. పాండవులు వేటకు పోతుంటే సామాన్లు మోసుకుంట, కుక్కను పట్టుకొని ఒక మనిషి వాళ్ల వెంట పోతడు. ఆ కుక్కనే తప్పిపోయి ఏకలవ్యుణ్ణి చూసి మొరిగి నోట్లె ఏడు బాణాలు తింటది. నేను ఆ మనిషి దగ్గర ఆగిపోయిన. ఆయనకు పేరు లేదు. కుక్క తప్పిపోయినందుకు ఆయనను ఏమన్నరో లేదు. ఆ బాణాలు ఎవరు తీసిండ్రో లేదు. నా లెక్కల ఆయననే తీసి ఉంటడు. తెగిన బొటనవేలు మీద మనం ఎంత రాసినా తక్కువే. ఆ మనిషి మీద రాసింది మాత్రం నాకేడ కనపడలె. ఆయనదీ ఏకలవ్యుని గూడెమే అయితే? కుక్క మొరిగిన దిక్కు చూసి తనోణ్ణి గుర్తుపట్టి ఉంటే? ఆ రోజు నాకు చదువు సాగలె.

ఇప్పుడు అశోక్‌నగర్ సందులు గుర్తుపట్టరావు. సారోళ్ల ఇల్లున్న జాగల గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టల్ లేసింది. లైబ్రరీ నిండ వాళ్లే. అండ్ల మన పిల్లలు మస్తుమంది. సీజర్ 1989ల చచ్చిపోయింది. దాన్ని పెరట్ల బొంద పెట్టింది నేనే, గోడ మీది గ్లాసుకు కింద.

మాకు ఇప్పుడు ఒక కుక్క ఉన్నది. జాతి కుక్క కాదు, నాలా ఒడ్డున దొరికిన పిల్ల. నా బిడ్డ దానికి 'మల్లి' అని పేరు పెట్టింది. ఏడ పోయినా అది కార్ల ఉండవల్సిందే. పోయిన దసరాకు ఊరికి పోతుంటే వెనక సీటు దానికే. చౌటుప్పల్ కాడ చాయ్‌కు ఆగినం. హోటల్ పిల్లగాడు వచ్చి "ఎవరి కుక్క సార్?" అని అడిగిండు. "మాదే" అన్న. "నీ పేరేంది తమ్మీ?" అని అడిగిన. వాడు బిత్తరపోయి చెప్పిండు.

మల్లికి అన్నం, నీళ్లు పెట్టేది మా అవ్వ. డెబ్బయి దాటినా ఆమెనే పెట్టాలె. దానికొక సత్తు గిన్నె పెట్టింది. దాన్ని ఇంట్లకు రానియ్యదు. కడిగి పెరటి గోడ మీద బోర్లిస్తది. మొన్న నా బిడ్డ, "అదెందుకు నాయినమ్మా, బయట పెడ్తవ్? వంటింట్ల పెట్టొచ్చు కద" అన్నది. అవ్వ ఆ గిన్నె దిక్కు చూసుకుంట శానసేపు నిలబడ్డది. జవాబు చెప్పలె. గిన్నె ఇంక గోడ మీదనే ఉన్నది.